రాళ్ల మెరకలోకి జేసీబీ దింపే ముందు ఆ నేలని చదవడం ఎలా

మీ ఊరి కొండ కింద రాళ్లు తేలిన మెరక ఉందనుకోండి. రెవెన్యూ రికార్డులో మేత పోరంబోకు అనో మందబయలు అనో రాసి ఉంటుంది, లేదా మీ తాతల నాటి పట్టాలోనే గెడ్డ (వాగు) అవతల ఎందుకూ పనికిరాదని వదిలేసిన రెండెకరాలు ఉంటాయి. ఏప్రిల్‌లో వెళ్లి చూస్తే ఎర్రటి గరప, తెల్లటి పలుగురాళ్లు, అక్కడక్కడా తంగేడు తుప్పలు, ఇంకేం కనిపించవు. అందుకని చాలామంది మొదట చేసే పని ఒకటే: జేసీబీ పిలిపించి తుప్పలు పీకించడం, రాళ్లు ఓ మూలకి నెట్టించడం, వానలు పడగానే జీడి మామిడో సరుగుడో నీలగిరో పెట్టేయడం. మట్టి లోతున్న చోట అది కుదురుతుంది, కాదనను. లోతు లేని చోట మాత్రం రెండు వర్షాకాలాలు తిరిగేసరికి పైనున్న నాలుగు వేళ్ల మట్టి గెడ్డలో పడి చెరువు చేరుతుంది, పెట్టిన మొక్క గిడసబారిపోతుంది, అంతకుముందు గొర్రెలకి దొరికే గడ్డి కూడా దొరకదు. పోయిన ఆ మట్టి మన మనవల కాలానికి కూడా తిరిగి రాదు.

కాబట్టి ముందు ఆ నేలని చదవండి. ఏ మూల ఎంత మట్టి ఉంది, ఏ గడ్డి ఇంకా బతికి ఉంది, ఏ తుప్ప కింద ఏం మొలుస్తోంది అన్నది తెలిశాకే ఎక్కడ చెయ్యి పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో తేలుతుంది. దీనికి పెద్ద సామాను అక్కర్లేదు. ఒక గునపం, మూత ఉన్న గాజు సీసా, టీ వడకట్టే జల్లెడ, ఆరంగుళాల వ్యాసం ఉన్న పీవీసీ పైపు ముక్క ఒకటి, నీళ్ల బాటిళ్లు, నోట్‌బుక్, ఫోను చాలు. కాళ్లకి బూట్లు మాత్రం తప్పనిసరి, ఎందుకంటే రాళ్ల నేలలో పింజరి జాతి పాములుంటాయి. రాయి తిరగేయాలంటే చేత్తో ముట్టుకోకుండా కర్రతో తిరగేసి, చూశాక మళ్లీ ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టండి. దాని కింద తేళ్లు, జెర్రులు, చీమల గూళ్లు, తడి అన్నీ ఉంటాయి, అవి కూడా ఆ నేలలో భాగమే.

ఎప్పుడు వెళ్లాలంటే, వీలైతే ఏడాదికి రెండుసార్లు. సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు మధ్య వరకు ఒకసారి, అప్పటికి గడ్డి వెన్ను తీసి ఉంటుంది కాబట్టి ఏది ఏదో గుర్తుపట్టొచ్చు. వెన్ను లేని గడ్డిని చూసి పేరు చెప్పడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. రెండోసారి మార్చి, ఏప్రిల్ నెలల్లో, నేల పూర్తిగా బోసిపోయినప్పుడు. ఒక్కసారే కుదురుతుందంటే అక్టోబరులో వెళ్లండి. మంచి వాన పడుతుండగా గొడుగేసుకుని ఓ గంట అక్కడ నిలబడగలిగితే ఇంకా మంచిది, నీరు ఎటు నుంచి ఎటు పోతోందో, ఏ రంగులో పోతోందో కళ్లారా తెలుస్తుంది.

ముందు రాయి సంగతి

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కొండలూ తూర్పు కనుమల్లోవి. వీటిలో ఎక్కువగా కనిపించేది ఖోండలైట్ రాయి. ముక్క విరిచి చూస్తే తుప్పు రంగు మరకలు, ముదురు ఎరుపు గార్నెట్ గింజలు, ఒక్కోచోట వెండిలా మెరిసే గ్రాఫైట్ పొరలు ఉంటాయి, ఆ పొర మీద వేలితో రుద్దితే పెన్సిల్ లెడ్డు అంటినట్టు నల్లగా అంటుకుంటుంది. ఇది తొందరగా చివికే రాయి. పైన చూడ్డానికి రాళ్ల గుట్టలా ఉన్నా కింద రాయి మెత్తబడి ఉంటుంది, చెట్ల వేళ్లు అందులోకి దిగుతాయి, ఎర్ర మట్టి బాగా తయారవుతుంది. చార్నోకైట్ అలా కాదు. నల్లగా, కొంచెం ఆకుపచ్చ ఛాయతో, సుత్తితో కొట్టినా తేలిగ్గా పగలని రాయి అది. దాని చుట్టూ గుండ్రటి బండలు, బండల మధ్య సందుల్లో మాత్రమే మట్టి. టెక్కలి వైపు క్వారీల్లో చూసే గ్రానైట్ జాతి రాయి చివికితే గరుకు ఇసుక వస్తుంది, అందులో నీరు ఇంకుతుంది గానీ నిలవదు. గరివిడి, చీపురుపల్లి చుట్టూ మాంగనీసు ఉన్న నేలల్లో నల్లటి రాళ్లు చేతికి బరువుగా తగులుతాయి.

పలుగురాయిని ప్రత్యేకంగా చూడండి. అది దాదాపు చివకదు. చుట్టూ ఉన్న రాయంతా మట్టై కొట్టుకుపోయాక కూడా అదొక్కటే పైన మిగులుతుంది. అంచేత నేల మీద తెల్లటి పలుగు ముక్కలు ఒత్తుగా పరుచుకుని ఉన్నాయంటే ఆ జాగాలో ఎన్నో ఏళ్లుగా మట్టి పోతూనే ఉందన్నమాట. అలాగే వాన వెలిశాక చిన్న చిన్న కాలవల అడుగున చూడండి, సన్నటి ఇసుకలో గులాబీ రంగు చారలు, నల్ల చారలు కనిపిస్తాయి. గులాబీవి గార్నెట్, నల్లవి ఎక్కువగా ఇల్మెనైట్ అనే ఖనిజం. బరువు ఎక్కువ కాబట్టి తేలికైన మట్టి ముందు పోయి ఇవి వెనకబడతాయి. భీమిలి, కళింగపట్నం తీరాల్లో కనిపించే ఎర్ర, నల్ల ఇసుక చారలకి మూలం ఈ కొండలే. మీ బీడులో ఆ చారలు ఎక్కడ మొదలవుతున్నాయో అక్కడే మట్టి కోత మొదలైంది, ఆ చోటుని నోట్‌బుక్‌లో గుర్తు పెట్టుకోండి.

ఇంకో సంగతి. రాయి పైన ఊరికే కూర్చుని ఉందా, మట్టిలో అతుక్కుపోయి ఉందా అన్నది కాలి బొటనవేలితో తోసి చూడండి. ఊరికే కూర్చున్న రాయి నేలకి మేలు చేస్తుంది: చినుకు దెబ్బ తను కాస్తుంది, కింద తడి ఆరిపోకుండా ఆపుతుంది, దాని అంచు కింద నుంచి నీరు ఇంకుతుంది. పైన గట్టి పొర కట్టిన మట్టిలో బిగుసుకుపోయిన రాయి మీద పడ్డ నీరు మాత్రం అలాగే జారిపోతుంది. రాళ్లన్నీ ఏరి పారేయడం మంచి పని అనుకునేవాళ్లు ఈ తేడాని ఒక్కసారి చూస్తే ఆ పని మానేస్తారు.

మట్టి ఎంత, ఎలాంటిది

లోతు చూడ్డానికి గునపమే చాలు. అడ్డంగా ఒక గీత అనుకుని, పది అడుగులకొకసారి గునపం గుచ్చి, ఎంత లోతుకి దిగి ఆగిందో రాసుకుంటూ పోండి. టంగుమని మోగితే బండ. కరకరమని కొంచెం కొంచెంగా దిగితే చివికిన రాయి, అది మంచి కబురు. ఒక్కచోట ఆగిపోతే ఓ జానెడు పక్కకి జరిగి మళ్లీ గుచ్చండి, బహుశా విడి రాయి తగిలి ఉంటుంది. ఇలా చేస్తే రెండెకరాల్లోనే ఒకచోట బెత్తెడు, ఇంకోచోట మోకాలి లోతు మట్టి దొరకడం మామూలే. ఈ లోతుల పటం చేతిలో ఉంటే సగం నిర్ణయాలు అయిపోయినట్టే.

తరువాత, మట్టిలో రాయి వాటా. తవ్విన మట్టిని ఒక బకెట్‌లోకి తీసి, జల్లెడ పట్టి, రాళ్లు ఒకవైపు, మెత్తటి మట్టి ఒకవైపు వేసి ఏది ఎంతుందో చూడండి. ఇది ఎందుకంటే నీరు నిలిచేది మెత్తటి మట్టిలోనే. ఎర్ర దుబ్బ నేల పది సెంటీమీటర్ల లోతుకి మొక్కకి అందే నీరు సుమారు 10 మిల్లీమీటర్లు పట్టి ఉంచుతుంది అనుకుందాం. 30 సెంటీమీటర్ల మట్టిలో సగం రాళ్లే అయితే మిగిలేది 15 మిల్లీమీటర్లు. వర్షాకాలంలో వాన ఆగి ఎండ కాస్తే ఒత్తుగా పెరిగిన పంట రోజుకి 4, 5 మిల్లీమీటర్లు తాగేస్తుంది. అంటే మూడు రోజులు, నాలుగో రోజు వాడుతుంది. మన దగ్గర ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకి అటూ ఇటూ వాన పడుతుంది కదా, ఇంకేం లోటు అనుకుంటాం. పడే వాన లెక్క వేరు, నిలిచే నీటి లెక్క వేరు. అక్కడ పుట్టిన బలుసు, కలివి, తునికి లాంటివి పగుళ్లలోంచి రాతి లోపలికి వేళ్లు దింపుకుని తమకి కావలసింది తెచ్చుకుంటాయి, నర్సరీ సంచిలోంచి తీసి పెట్టిన మొక్కకి అంత సమయం ఎవరిస్తారు.

మట్టిని ల్యాబ్‌కి పంపాలంటే గుర్తుంచుకోండి, వాళ్లు 2 మిల్లీమీటర్ల కన్నా పెద్ద ముక్కలన్నీ తీసేసి మెత్తటి మట్టినే పరీక్ష చేస్తారు. రిపోర్టులో వచ్చిన పోషకాల అంకెలు ఆ మెత్తటి మట్టికే. మీ నేలలో సగం రాళ్లుంటే ఎకరానికి ఉన్నది కూడా సుమారు సగమే అని మీరే తగ్గించి చదువుకోవాలి, ఆ మాట రిపోర్టు మీద ఉండదు. నమూనా తీయడం తెలిసిందే: పైన చెత్త గీకేసి, 15 సెంటీమీటర్ల లోతు గుంట వాలుగా తవ్వి, దాని అంచు నుంచి పలచగా చెక్కి, అలా చాలా చోట్ల తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకేజీ మిగుల్చుకోవడమే. బెత్తెడు మట్టి ఉన్న చోటుదీ మోకాలి లోతు ఉన్న చోటుదీ కలపకండి. మీ ఊరి రైతు సేవా కేంద్రంలో ఇవ్వొచ్చు, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం, నైర వ్యవసాయ కళాశాల దగ్గర్లో ఉన్నవాళ్లు అక్కడ అడిగి సలహా తీసుకోవచ్చు. రిపోర్టులో సేంద్రియ కర్బనం అంకెని ముందు చూడండి, ఈ నేలల్లో అసలు కరువు అదే.

ల్యాబ్ లేకుండా మీరే చూసుకోగల పరీక్ష ఒకటుంది, నాకు దీని మీద చాలా నమ్మకం. బాగా ఎండిన మట్టి పెళ్లలు రెండు తీసుకోండి, శనగగింజంతవి. ఒకటి గడ్డి దుబ్బు మొదట్లోంచి, ఇంకోటి ఆ పక్కనే ఉన్న బోడి నేల నుంచి. రెండిటినీ టీ జల్లెడలో విడివిడిగా పెట్టి మెల్లగా గ్లాసుడు నీళ్లలో ముంచండి. బోడి నేల పెళ్ల మీద చిన్న చిన్న బుడగలు లేస్తాయి, అంచులు రాలిపోతాయి, నిమిషం తిరక్కుండా కరిగి జల్లెడ అడుగున బురదవుతుంది. దుబ్బు కింద పెళ్ల ఐదు నిమిషాలకి కూడా ఆకారం పోకుండా ఉంటుంది, దగ్గరగా చూస్తే సన్నటి వేరు దారాలు దాన్ని పట్టుకుని ఉండటం కనిపిస్తుంది. రెండూ ఒకే మట్టి, మధ్య దూరం మూరెడు. వానలో ఏది నిలుస్తుందో, ఏది పోతుందో అక్కడే తేలిపోయింది. ఊళ్లో వాళ్లకి గడ్డి ఎందుకు ఉంచాలో చెప్పాల్సి వస్తే ఉపన్యాసం ఇవ్వకుండా ఈ గ్లాసు చూపించండి.

ఇంకుడు చూడాలంటే ఆరంగుళాల పైపు ముక్కని రెండు వేళ్ల లోతు నేలలోకి దించి, బయట అంచు చుట్టూ తడి మట్టి మెత్తండి, రాళ్ల నేలలో సందుల్లోంచి నీరు కారిపోతుంది కాబట్టి ఈ మెత్తడం ముఖ్యం. అందులో 450 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తే సుమారు 2.5 సెంటీమీటర్ల వాన పడ్డట్టు. ఎన్ని నిమిషాల్లో ఇంకిందో చూసి, వెంటనే మళ్లీ అన్నే నీళ్లు పోసి రెండోసారి పట్టిన టైమ్ రాసుకోండి, లెక్కలోకి రెండోదే తీసుకోవాలి. తుప్ప కింద, బోడి నేల మీద, గొర్రెలు నడిచే దారిలో, మూడు చోట్లా చూడండి. ఒక సెంటీమీటరు వాన ఎకరం మీద పడితే 40 వేల లీటర్ల నీరు, అది ఇంకుతుందా పారుతుందా అన్నదే ఈ పైపు ముక్క చెప్పేది.

ఇక సీసా పరీక్ష చాలామందికి తెలుసు, మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు బట్టల సబ్బు పొడి వేసి బాగా గిలక్కొట్టి కదపకుండా వదిలేయాలి. నిమిషంలో ఇసుక దిగుతుంది, రెండు గంటల్లో ఒండ్రు, మర్నాటికి బంకమట్టి. పొరల మందం స్కేలుతో కొలుచుకోండి.

అడుగుల లెక్క

మొక్కల పేర్లన్నీ తెలియకపోయినా నేల పరిస్థితి చెప్పగల పద్ధతి ఇది. బూటు ముందు అంచు మీద పెన్నుతో ఒక చుక్క పెట్టుకోండి. ఒక దిక్కున తిన్నగా 100 అడుగులు నడవండి. అడుగు వేసిన ప్రతిసారీ ఆ చుక్క కింద ఏముందో చూసి గీత గీయండి: బోడి మట్టా, రాయా, ఎండుటాకా, గడ్డి మొదలా, తుప్పా. ముల్లు తుప్ప అడ్డొచ్చిందని పక్కకి తప్పుకుంటే లెక్క తప్పుతుంది, తుప్ప అని రాసి దాటండి. నాలుగు దిక్కుల్లో ఇలా నడిస్తే 400 గీతలు, అది ఎవరి ముందైనా పెట్టగల లెక్క. నా మట్టుకు, వందలో బోడి మట్టి 40 దాటిందంటే ఆ చోట ఇంకే పనీ పెట్టుకోకుండా ముందు నేలని కప్పే సంగతి చూస్తాను. రాయిని బోడి మట్టిలో కలిపేయకండి, అది నేలని కాసేదే.

నడిచేటప్పుడు గడ్డి దుబ్బుల మొదళ్లు చూడండి. దుబ్బు చిన్న దిమ్మ మీద ఎక్కి కూర్చున్నట్టుంటే, వేళ్లు బయటికి కనిపిస్తుంటే, చుట్టూ అంత మందం మట్టి ఈమధ్యనే పోయిందని అర్థం. రాళ్ల మీద కూడా పాత మట్టి మరక గీత ఉంటుంది, ఒకప్పుడు నేల ఎక్కడిదాకా ఉండేదో ఆ గీత చెబుతుంది.

గడ్డి, తుప్ప చెప్పేవి

దక్కన్ మెరకల్లో మేతకి మంచి గడ్డి నేంద్ర గడ్డి. మందలు పల్చగా ఉన్న చోట, పాతకాలం నుంచి కాపాడుకున్న చోట అది ఇంకా ఉంటుంది. మేత ఒత్తిడి పెరిగితే అది తగ్గి బట్టలకి గుచ్చుకునే ముల్లు గడ్డి వస్తుంది. అదీ తగ్గితే చీపురు గడ్డి, ఒక వానాకాలంలో పుట్టి ఎండిపోయే సన్న గడ్డి మిగులుతాయి. ఇది దాదాపు మెట్లు దిగినట్టు ఉంటుంది, మీ నేల ఏ మెట్టు మీద ఉందో చూసుకోవాలి. బోద గడ్డి దుబ్బులు నిలువెత్తున ఉన్నా మోసపోకండి, ఆకు నలిపితే నిమ్మ వాసనలాంటి ఘాటు వస్తుంది, ఆ నూనె వల్లే పశువులు ముదిరిన బోద జోలికి పోవు. అయినా మట్టిని పట్టుకునే విషయంలో దానికి సాటి లేదు, ఇళ్లు కప్పుకోవడానికీ పనికొస్తుంది. గరిక ఉన్న చోట కాస్త తడి, కాస్త ఎరువు చేరుతున్నట్టు.

ముల్లు గడ్డి గింజని ఒకటి తీసి అరచేతిలో పెట్టి నీటి చుక్క వేయండి. మెలిపెట్టి ఉన్న ఆ పొడుగాటి తోక మెల్లగా తిరగడం మొదలెడుతుంది, తిరుగుతూ మొనని కిందకి తోస్తుంది. తడికి విడిపోతూ, ఎండకి మళ్లీ మెలిపడుతూ గింజ తనంతట తనే నేలలో దిగబడే ఏర్పాటు అది, రాళ్ల మధ్య సందుల్లో మొలవడానికి ఇంతకన్నా ఉపాయం ఏముంటుంది. కానీ అదే మొన గొర్రె బొచ్చులోకి, చర్మంలోకి, నోట్లోకి కూడా దిగుతుంది. అందుకే వెన్ను ముదరకముందు, ఆకు లేతగా ఉన్నప్పుడు మేపుకోవాలి, లేదా కోసి వేసుకోవాలి. అప్పుడైతే మాంసకృత్తులు కూడా ఎక్కువ.

తుప్పల్లో తంగేడు, బందారు, ఈ రెండిటినీ పశువులు పెద్దగా ముట్టవు. బీడంతా అవే నిండిపోయాయంటే తినదగినవన్నీ తినేశాక మిగిలినవి అవి. అలాగని వాటిని పీకేయడం తప్పు. తంగేడు నీడన వంగి చూడండి, ఎండుటాకు పోగుపడి, మట్టి నల్లబడి, మేక నోటికి అందని చోట చిన్న బలుసు మొలక, పరికి మొలక, సుగంధిపాల తీగ, పిల్లిపీచర ముళ్ల తీగ కనిపిస్తాయి. రేపటి తోట అక్కడ ఉంది. ముళ్ల తుప్పలు, అంటే పరికి, రేగు, కలివి, మంగ, ఇవి కూడా ఇలాగే లోపల లేత మొక్కల్ని దాస్తాయి. వెంపలి గాలిలో నత్రజనిని నేలకి చేర్చే జాతి, బీద నేలలో ముందుగా వచ్చేది అదే, ఉండనివ్వండి. గట్టి గరప మీద నీలం పువ్వుల విష్ణుక్రాంత, బండ పగుళ్లలో విసనకర్రల్లాంటి ఆకుల మయూరశిఖి ఉంటాయి. మయూరశిఖి ఎండకి ముడుచుకుని చచ్చినట్టుంటుంది, రెండు వానలకి విప్పుకుంటుంది. కొండగోగు బండల సందుల్లో నిలబడుతుంది, వేసవి మొదట్లో ఆకు రాలిపోయాక పసుపు పూలతో దూరం నుంచే తెలుస్తుంది, దాన్ని చూసి అక్కడ మట్టి ఉందనుకోకండి. ఊడుగ, అంకుడు, తునికి, చండ్ర వరసగా ఉన్న చోట గునపం గుచ్చండి, ఎక్కువసార్లు లోతు దొరుకుతుంది. మోదుగ నీరు నిలిచే బంకనేలని కూడా తట్టుకుంటుంది. చీమల పుట్టల దగ్గర మట్టి మెత్తగా, లోతుగా ఉంటుంది, వాటిని పగలగొట్టకండి.

పేర్ల విషయంలో అన్నిటికన్నా పెద్ద సాయం గొర్రెలు, మేకలు కాసేవాళ్ల దగ్గర దొరుకుతుంది. వాళ్లతో పాటు ఒక పూట తిరగండి. "ఏటి తాతా, ఈ తుప్ప మేకలు తింటాయేటి, ఏ నెలలో తింటాయి, ఇదివరకు ఇక్కడ ఏ గడ్డి ఉండేది" అని అడిగితే పుస్తకంలో దొరకని సంగతులు చెబుతారు. వాళ్లు చెప్పిన పేరు, ఊరు, ఫోటో కలిపి రాసిపెట్టుకోండి, ఒక ఊరి పేరు పక్క ఊళ్లో మారిపోతుంది కాబట్టి ఫోటోలో పువ్వు, కాయ, ఆకు వెనక భాగం మూడూ ఉండాలి. అయినా తేలకపోతే పూత ఉన్న రెమ్మని పాత పేపర్ల మధ్య ఆరబెట్టి ఆంధ్రా యూనివర్సిటీ వృక్షశాస్త్ర విభాగంలాంటి చోట చూపించవచ్చు.

బయట నుంచి వచ్చినవి వేరుగా లెక్కేయండి. పులికంప, సర్కారు తుమ్మ, వయ్యారిభామ, ఘాటు వాసనతో నిలువెత్తున పెరిగే సీమ తులసి. సర్కారు తుమ్మని మొదలుకి నరికితే పది పిలకలు లేస్తుంది, మట్టి కింద జానెడు లోతులో మొగ్గలుండే భాగంతో సహా తీస్తేనే పోతుంది. పులికంపని కూడా మట్టి పైన కాకుండా మొదలు కింద రెండు మూడు అంగుళాల దగ్గర వేరు నరికి, తలకిందులుగా పెట్టి ఎండనివ్వాలి. వాలు ఎక్కువున్న చోట ఒకేసారి మొత్తం తీసేయొద్దు, ముక్కలు ముక్కలుగా తీస్తూ ఆ చోట వెంటనే గడ్డి విత్తనం చల్లాలి. వయ్యారిభామ పూత రాకముందే పీకాలి, చేతికి గ్లౌజులు వేసుకోండి, దద్దుర్లు, ఆయాసం వచ్చేవాళ్లున్నారు.

చదివాక చేయాల్సినది

చాలా చోట్ల మొదటి పని మేత ఆపడమే. మొత్తం భూమి మూసేస్తే మందలున్న ఇళ్లు ఎక్కడికి పోతాయి, అందుకని బీడుని మూడు ముక్కలు చేసి, ఏడాదికొక ముక్కని మృగశిర కార్తె నుంచి దీపావళి దాకా వదిలేయమని అడగండి. ఆ ముక్కలోంచి గడ్డి కోసుకెళ్లొచ్చు, తోలుకెళ్లకూడదు, అంతే. ఈ మాట కాపరులతో కూర్చుని, వాళ్లు ఒప్పుకున్న హద్దులతోనే కుదరాలి. ముళ్ల కంచె కన్నా ఆ ఒప్పందమే ఎక్కువ కాలం నిలుస్తుంది. వేసవిలో కొండకి నిప్పు పెట్టే అలవాటు ఉన్న ఊళ్లలో ఆ ముక్క చుట్టూ రెండు బారల వెడల్పు చెత్త గీకి ఉంచండి. తునికి, మోదుగ, బలుసు లాంటివి నేలలో ఉన్న పాత మొదళ్ల నుంచే పిలకలు వేస్తాయి, మొదటి వానాకాలంలోనే తేడా కనిపిస్తుంది. ఒక్కో మొదలు నుంచి బలమైన పిలక ఒకటో రెండో ఉంచి మిగతావి కోసేస్తే తొందరగా ఎదుగుతాయి.

రెండోది రాతి వరసలు. ఉన్న రాళ్లనే సమమట్టపు గీత (వాలుకి అడ్డంగా ఒకే ఎత్తులో సాగే గీత) వెంట పేర్చాలి. సమమట్టం చూడ్డానికి రెండు పొడుగాటి కర్రల పై కొసలు కలిపి కట్టి, కింద కొసలు ఎడంగా ఉంచి, మధ్యలో అడ్డకర్ర వేసి, పై నుంచి దారానికి రాయి కట్టి వేలాడదీయండి. కాళ్లు రెండు చోట్ల పెట్టి దారం అడ్డకర్రని ఎక్కడ తాకిందో గీత గీసి, కాళ్లు తారుమారు చేసి మళ్లీ గీయండి, రెండు గీతల నడి మధ్య మూడో గీత గీస్తే అదే మట్టం గుర్తు. ఇక ఒక కాలు కదపకుండా రెండో కాలు తిప్పుతూ దారం ఆ గుర్తు మీదకి వచ్చే చోటల్లా మేకు కొట్టుకుంటూ పోవడమే. మేకుల వెంట అరచెయ్యి లోతు కందకం తీసి పెద్ద రాళ్లు అందులో కూర్చోబెట్టి, పైన చిన్నవి పేర్చండి, జానెడున్నర ఎత్తు చాలు. సందుల్లోంచి నీరు పోవాలి, మట్టి ఆగాలి, కాబట్టి సిమెంటు అక్కర్లేదు. అప్పటికే కాలవ పడ్డ చోట వరస కొసలు పైకి వంచండి, లేకపోతే నీరు పక్క నుంచి కొత్త దారి తవ్వుతుంది. ఉపాధి హామీలో ఈ పని పెట్టించుకోవచ్చు, గ్రామసభలో రాయించాలి.

గడ్డి విత్తనం అక్టోబరు, నవంబరుల్లో దగ్గర్లోని మంచి బీడు నుంచే సేకరించి, సంచిలో పొడిగా దాచి, వచ్చే జూన్‌లో వేయండి. కొత్త గింజ చాలా జాతుల్లో కొన్ని నెలలు నిద్రలో ఉంటుంది, కోసిన వెంటనే చల్లితే మొలవదు. మట్టి, పేడ కలిపి ఉండలు చేసి రాతి వరసల పై పక్కన, తడి ఆగే చోట వేయాలి. అక్టోబరులో మనకి తుఫానులు తప్పవు, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరు రెండో వారంలోనే తీరం దాటాయి. ఆ వానకి గడ్డి వేరు నేలని పట్టుకుని ఉండాలంటే జూన్ పని జూన్‌లో అయిపోవాలి.

చెట్లు పెట్టాలనుంటే మీ గునపం పటంలో లోతున్న చోట్లలో మాత్రమే, అదీ ఆ చుట్టుపక్కల ఉన్న జాతులే. గెడ్డ ఒడ్డున నేరేడు, కింది వాలులో మోదుగ, తునికి. బండ మీద గుంత తవ్వడానికి పెట్టే డబ్బు కాపలాకి పెట్టండి.

పని మొదలెట్టే ముందు సర్వే నంబరు చూసుకోవాలి. అటవీ శాఖ భూమైతే కొమ్మ కూడా ముట్టకూడదు. మేత పోరంబోకు 1994 పంచాయతీరాజ్ చట్టం కింద గ్రామ పంచాయతీ అధీనంలో ఉంటుంది, అలాంటి ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. గ్రావెల్ తవ్వకానికి గనుల శాఖ అనుమతి కావాలి, రాత్రిపూట లారీలు కనిపిస్తే ఫోటో, తేదీ, సర్వే నంబరుతో పంచాయతీకి, తహసీల్దారుకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. పైమట్టి లారీ ఎక్కాక ఇక్కడ చెప్పినదేదీ పనికిరాదు.

చివరగా, ఫోటోలు. నాలుగు చోట్ల పెద్ద బండల మీద సున్నంతో గుర్తు పెట్టి, ప్రతి అక్టోబరులో, ప్రతి ఏప్రిల్‌లో అదే బండ మీద నిలబడి అదే దిక్కుకి ఫోటో తీయండి. అదే వారంలో అడుగుల లెక్క, పైపు లెక్క కూడా చేసి పక్కనే రాయండి. మొదటి ఏడాది గడ్డి పెద్దగా మారినట్టు కనిపించదు, బోడి మట్టి గీతలు తగ్గాయా, పైపులో రెండోసారి పోసిన నీళ్లు ముందుకన్నా తొందరగా ఇంకాయా అన్నది చూడండి. ఈ రెండూ సరిగ్గా కదులుతుంటే మరుసటి ఏడాది రెండో ముక్క మూయమని కాపరుల్ని అడగొచ్చు, కదలకపోతే ముందు మేత ఒప్పందం నిజంగా నడుస్తోందో లేదో కనుక్కోండి, రాతి వరసల మట్టం ఆ తర్వాత సరిచూసుకోవచ్చు.